ఎయిర్‌లెస్ స్ప్రేయర్ కొనేటప్పుడు చూడాల్సింది హార్స్‌పవర్ కాదు

దుకాణంలో గోడలకు రంగు కొట్టే ఎయిర్‌లెస్ స్ప్రేయర్ అడిగితే ముందు చెప్పేవి రెండే అంకెలు: మోటారు ఎన్ని హెచ్‌పీ, ప్రెషర్ ఎంత. మూడు వేల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ఒత్తిడి కొలత) అనగానే అదేదో భారీ మిషన్ అనిపిస్తుంది. కానీ గోడల రంగుల కోసం అమ్మే కరెంటు మిషన్లు చిన్నవైనా పెద్దవైనా దాదాపు అన్నీ 3000–3300 పీఎస్‌ఐ దగ్గరే ఆగుతాయి. అన్నిటికీ ఒకేలా ఉండే అంకెను చూసి ఎంచుకునేదేముంది? అసలు తేడా మిషన్ నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తుందన్న దగ్గర ఉంది. ఎంత పెద్ద టిప్ (గన్ చివర రంగు బయటికొచ్చే రంధ్రమున్న ముక్క) పెట్టొచ్చో, ఏ రంగు కొట్టొచ్చో, కొన్న ఏడాదికి కూడా అదే పని చేయించుకోవచ్చో లేదో దాన్నిబట్టే తేలుతుంది.

కంప్రెసర్ గన్‌లో గాలి రంగును చీల్చి తుంపరలు చేస్తుంది. ఎయిర్‌లెస్‌లో గాలి ఉండదు. పిస్టన్ రంగును ఒత్తి, వెంట్రుకవాసి రంధ్రంలోంచి బయటికి తోస్తే ఆ వేగానికే అది తుంపరలవుతుంది. అందుకే చిక్కటి ఎమల్షన్‌ను పెద్దగా పలచన చేయకుండానే కొట్టవచ్చు. అదే కారణంతో, రంధ్రం సైజుకు సరిపడా రంగును పంపు అందించలేకపోతే ప్రెషర్ పడిపోతుంది, తుంపర చెడిపోతుంది. మీటరు మీద మూడు వేలు చూపించే మిషన్ ట్రిగ్గర్ నొక్కగానే పన్నెండు వందలకు దిగిందంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

టిప్ మీది మూడంకెలు

టిప్ మీద 517 అని ఉంటే అందులో రెండు సంగతులున్నాయి. మొదటి అంకెను రెండింతలు చేస్తే గోడకు అడుగు దూరం నుంచి కొట్టినప్పుడు పడే పట్టీ వెడల్పు వస్తుంది. అంటే 5 అయితే 10 అంగుళాలు. చివరి రెండంకెలు రంధ్రం సైజు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. 17 అంటే 0.017 అంగుళం. 317, 517 రెండూ ఒకే మోతాదు రంగు వదులుతాయి. 317 ఆ రంగును ఆరంగుళాల్లో మందంగా వేస్తుంది, 517 పది అంగుళాల్లో పరుస్తుంది. కారిపోతోందని ప్రెషర్ తగ్గించే ముందు ఈ మొదటి అంకెను మార్చి చూడటం మంచిది.

2000 పీఎస్‌ఐ దగ్గర నీటితో కొలిచిన లెక్కల్లో 15 సైజు టిప్ నిమిషానికి సుమారు 0.9 లీటరు వదులుతుంది. 17 అయితే 1.2, 19 అయితే 1.45, 21 అయితే 1.8, 25 అయితే 2.5 లీటర్లు. 31కి వచ్చేసరికి దాదాపు 3.9 లీటర్లవుతుంది. రంగు నీటికంటే చిక్కన కాబట్టి నిజంగా పడేది కొంత తక్కువే ఉంటుంది. పోల్చుకోవడానికి ఈ అంకెలు చాలు.

ఇక ఏ రంగుకు ఏ టిప్? ఇనామిల్, వార్నిష్, ల్యాకర్ లాంటివాటికి 9 నుంచి 13. లోపలి గోడల ప్రైమర్‌కు, ఎమల్షన్‌కు 15 నుంచి 19. బయటి ఎమల్షన్‌కు 17 నుంచి 21. మిద్దెల మీద, బయటి గోడల మీద వాన నీళ్లు దిగకుండా వేసే సాగే గుణమున్న మందపాటి కోటింగులకు 21 నుంచి 27. రెడీమేడ్ పుట్టీకి 31 పైన. రోజూ చేసే పని వీటిలో ఏదో ముందు రాసుకుని, దానికి అవసరమైన టిప్ కంటే కనీసం రెండు సైజులు పైకి (17 అయితే 21) తట్టుకునే మిషన్ చూసుకోవాలి.

రెండు సైజులు ఎందుకంటే, టిప్ అరుగుతుంది. ఎమల్షన్‌లోని ఖనిజ పొడి రంధ్రాన్ని రోజురోజుకూ పెద్దది చేస్తుంది. 17గా మొదలైన టిప్ కొన్నాళ్లకు 21లా వదలడం మొదలుపెడుతుంది. అప్పుడు పై లెక్క ప్రకారం అదే పనికి ఒకటిన్నర రెట్ల రంగు పోతుంది. మిషన్ గరిష్ఠ సామర్థ్యం 17 దగ్గరే ఉంటే, టిప్ కాస్త అరగగానే ప్రెషర్ నిలబడదు. మిషన్ పాడైందనుకుని, పంపులో రంగు కారకుండా ఆపే ప్యాకింగులు మార్పించినవాళ్లు కూడా ఉంటారు. నిజానికి పాడైంది టిప్ ఒక్కటే. ఉదాహరణకు, గ్రాకో అల్ట్రా 390 నిమిషానికి 1.8 లీటర్లు తోసి 21 వరకు పట్టేది, టైటాన్ 440 సుమారు 2 లీటర్లతో 23 వరకు పట్టేది. అపార్ట్‌మెంట్ లోపలి పనులు, లాడ్జీ గదులు, మామూలు బయటి గోడలు చేసే కాంట్రాక్టరుకు ఈ తరగతి సరిపోతుంది. ఏ కంపెనీదైనా సరే, పోల్చాల్సినవి ఈ రెండు అంకెలే. బయటి గోడలకు మందపాటి కోటింగులే ప్రధానమైతే ఈ తరగతి చాలదు.

టిప్ అరుగుదలను కంటితో పట్టుకోవచ్చు. కొత్తగా ఉన్నప్పుడు పాత అట్ట మీద అడుగు దూరం నుంచి కొట్టి పట్టీ వెడల్పు కొలిచి రాసుకోవాలి. పదంగుళాల పట్టీ ఏడు, ఏడున్నరకు తగ్గితే టిప్ పని అయిపోయినట్టే. రంధ్రం గుండ్రమైపోతున్న కొద్దీ పట్టీ సన్నబడి మధ్యలో రంగు ఎక్కువ పడుతుంది. ఎమల్షన్‌తో ఒక టిప్ 60 నుంచి 150 లీటర్ల మధ్య మార్చాల్సి రావచ్చు. చవక రంగుల్లో ఖనిజ పొడి ఎక్కువ కాబట్టి ఇంకా ముందే రావచ్చు. టిప్ ఖరీదు పెయింట్ బకెట్ ఖరీదుతో పోలిస్తే చిన్నది. అయినా సైట్లో అరిగిన టిప్‌తోనే నెట్టుకొచ్చే అలవాటు మాత్రం పోదు.

పుట్టీ, జిప్సం పనికి అదే మిషన్ సరిపోతుందా

సూటిగా చెప్పాలంటే సరిపోదు. అమెరికాలో ఇంటి గోడలే జిప్సం బోర్డుతో ఉంటాయి కాబట్టి అక్కడి వీడియోల్లో పుట్టీని కూడా మిషన్‌తోనే కొడుతుంటారు. మన దగ్గర జిప్సం అంటే ఫాల్స్ సీలింగ్, ఆఫీసుల్లో పార్టిషన్లు. గోడలు ఇటుక, సిమెంటు పూత. వాటికి పెట్టే లప్పం ఎక్కువగా వైట్ సిమెంట్ పుట్టీ. ఈ పుట్టీని ఎయిర్‌లెస్ మిషన్‌లో పోయడం మిషన్‌ను పారేసుకోవడమే. నీళ్లు కలిపిన కొన్ని గంటలకు అది గట్టిపడుతుంది. అది గట్టిపడేది బకెట్లో మాత్రమే కాదు, హోస్ పైపులో, వాల్వు బాల్ చుట్టూ, ఫిల్టర్లో కూడా. మధ్యాహ్నం భోజనానికి ఆగితే చాలు. సున్నం, సిమెంటు రంగు కూడా ఈ కోవలోవే. గరుకు కణాలు ప్యాకింగులను, టిప్‌ను కొరికేస్తాయి.

మిషన్‌తో కొట్టదగింది రెడీమేడ్ అక్రిలిక్ పుట్టీ, జిప్సం జాయింట్లకు వాడే రెడీమేడ్ కాంపౌండు. వాటికి కావాల్సిన ఏర్పాటే వేరు. 31 నుంచి 41 సైజు టిప్, నిమిషానికి కనీసం 4 లీటర్లకు పైగా తోసే పంపు, అరంగుళం హోస్, పీల్చే గొట్టానికి బదులు పైన తొట్టి. గన్‌లోని, పంపులోని ఫిల్టర్లు తీసేయాలి, లేకపోతే నిమిషంలో మూసుకుపోతాయి. అంత మిషన్ బరువు, కరెంటు అవసరం, ధర అన్నీ మరో మెట్టు. పైగా పుట్టీ కొట్టాక ఎలాగూ వెడల్పాటి బ్లేడుతో లాగాలి. మిషన్ తగ్గించేది పుట్టీని గోడకు చేర్చే శ్రమను మాత్రమే. శ్రీసిటీ పారిశ్రామికవాడ వైపు పెద్ద ఆఫీసు హాళ్ల స్థాయి పని వరసగా చేతిలో ఉంటే తప్ప పుట్టీ మిషన్ కొనడం దండగ. అలాంటి పని ఎప్పుడో ఒకటి వస్తే అద్దెకు తెచ్చుకోవచ్చు. ఒకే మిషన్ రెండు పనులూ చేస్తుందని అమ్మేవాళ్లను మాత్రం పుట్టీకి గరిష్ఠ టిప్ ఎంతో, హోస్ ఎంత లావుదో అడగాలి.

జిప్సం మీద రంగు కొట్టడానికైతే మామూలు మిషన్ చక్కగా పనికొస్తుంది. ఇబ్బంది వచ్చేది మరో చోట. బోర్డు మీది కాగితం ఒకలా పీలుస్తుంది, జాయింట్ల మీద పెట్టిన కాంపౌండు ఇంకోలా పీలుస్తుంది. ప్రైమర్ లేకుండా ఎమల్షన్ కొడితే ఆరాక ప్రతి జాయింటూ చారలా కనిపిస్తుంది. అందునా ఇప్పటి సీలింగుల్లో అంచుల వెంట ఎల్‌ఈడీ స్ట్రిప్ లైటు దాస్తున్నారు. ఆ వెలుతురు సీలింగుకు ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది, అర మిల్లీమీటరు ఎత్తుపల్లాన్ని కూడా చూపిస్తుంది. పగలు చూసి బాగుందన్న ఇంటి యజమాని రాత్రి లైట్లు వేశాక ఫోన్ చేసేది అందుకే. అంచు లైట్లున్న సీలింగుకు జాయింట్ల వరకే కాకుండా మొత్తం బోర్డు మీద పలచగా ఒక పొర కాంపౌండు లాగి, సాండ్‌పేపర్ పట్టి, ఆ తర్వాతే ప్రైమర్ వేయాలి. సాండింగ్ పొడిని తడిగుడ్డతో కాకుండా వాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో తీయాలి. పొడి మిగిలితే ప్రైమర్ ఆ పొడిని పట్టుకుంటుంది, బోర్డును పట్టుకోదు. తర్వాత మాస్కింగ్ టేపు పీకినప్పుడు రంగు కూడా పొరలుగా వస్తుంది.

ప్రైమర్ స్ప్రే చేసిన వెంటనే, తడిగా ఉండగానే, వెనక ఇంకొకరు పొడి రోలర్‌తో ఒకసారి తిప్పాలి. స్ప్రే ప్రైమర్‌ను పైన పరుస్తుంది, సూక్ష్మ రంధ్రాల్లోకి నొక్కేది రోలర్. ఆఖరి ఎమల్షన్ కోటుకు సీలింగు మీద ఇది అక్కర్లేదు. గోడల మీద మాత్రం రోలర్ తిప్పితే రేపు గీత పడినప్పుడు రోలర్‌తోనే దిద్దుకోవచ్చు, తేడా కనిపించదు. కేవలం స్ప్రే చేసిన నున్నటి గోడను బ్రష్‌తో దిద్దితే అక్కడ మచ్చ మిగులుతుంది.

కరెంటు, హోస్

తిరుపతిలో కొత్త కట్టడాల దగ్గర ఉండేది తాత్కాలిక కనెక్షన్. ఆ లైను మీదే కటింగ్ మిషన్లు, మార్బుల్ పాలిష్ మిషన్లు నడుస్తుంటాయి. ఓల్టేజీ 200కు దిగడం వింత కాదు. దానికి తోడు మూడో అంతస్తుకు సన్నటి వైరు లాగుతారు. 50 మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేస్తే, 10 ఆంపియర్ల దగ్గర వైరులోనే దాదాపు 18 ఓల్టులు పోతాయి. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే ఏడున్నర. తక్కువ ఓల్టేజీలో మోటారు వేడెక్కుతుంది, కంట్రోల్ బోర్డు తడబడుతుంది, ట్రిప్ అవుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తు ఉన్న సాకెట్ కనీస అవసరాలు. ఎర్తు లేని చోట మూడో పిన్ను విరిచి నడిపించడం చాలా చోట్ల కనిపిస్తుంది, కానీ ఈ మిషన్ విషయంలో అది షాక్‌తో ఆగదు. రంగు గొట్టంలో వేగంగా పారేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది. థిన్నర్ రంగు అయితే ఒక నిప్పురవ్వ చాలు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన మిషన్ల గురించి ఒక మాట. అక్కడివి 120 ఓల్టులకు చేసినవి. మన 230కి నేరుగా పెడితే బోర్డు కాలిపోతుంది. నడపాలంటే కనీసం 3 కేవీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మోసుకు తిరగాలి. ప్యాకింగుల కిట్, ప్రైమ్ వాల్వు (ప్రెషర్ వదలడానికి తెరిచే వాల్వు) ఇక్కడ దొరుకుతాయో లేదో విచారించకుండా తెప్పించుకోవడం తెలివైన పని కాదు. చెన్నై, బెంగళూరు రెండూ తిరుపతికి ఒక పూట దూరంలోనే ఉన్నాయి. ఆ రెండిట్లో ఏదో ఒక చోట సర్వీసు, స్పేర్లు ఉన్న మిషన్ కొనడం మేలు.

లాడ్జీ ఐదో అంతస్తు బయటి గోడకు కొట్టాలంటే మిషన్‌ను పైకి ఎక్కించాలా అన్న సందేహం తరచూ వస్తుంది. 15 మీటర్ల ఎత్తుకు రంగును ఎత్తడానికి పోయే ప్రెషర్ 30 పీఎస్‌ఐ కూడా కాదు. పోయేదంతా పైపు లోపలి రాపిడి దగ్గర. పావు అంగుళం హోస్‌తో 30 మీటర్లు దాటితే చిక్కటి రంగులకు ప్రెషర్ తేడా తెలుస్తుంది. అంతకు మించితే మొదటి భాగం 3/8 అంగుళం హోస్, చివర పావు అంగుళం వాడాలి. హోస్ లావైతే అందులో మిగిలే రంగు కూడా ఎక్కువే. పావు అంగుళం హోస్ 15 మీటర్లలో దాదాపు అర లీటరు రంగు నిలుస్తుంది. 3/8లో లీటరుకు పైగా. రంగు మార్చిన ప్రతిసారీ ఆ రంగును బకెట్లోకి తిరిగి తోయించి, నీళ్లతో కడగాలి. ప్రతి గోడకూ ఒక రంగు కావాలనే ఇంట్లో ఎయిర్‌లెస్ ఎందుకు గిట్టుబాటు కాదో ఇక్కడే అర్థమవుతుంది.

ఎక్కడ గిట్టుబాటు, ఎక్కడ కాదు

17 సైజు టిప్ నిమిషానికి లీటరు వదిలినా, 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) తడి పొరకు పది చదరపు మీటర్లు, అంటే నూరు చదరపు అడుగులు దాటి అవుతుంది. పదిహేను నిమిషాల్లో గది అయిపోయినట్టే. కానీ ఆ గదిలో కిటికీలు, స్విచ్ బోర్డులు, గ్రానైట్ స్కర్టింగు, తలుపు చౌకట్లు కప్పడానికి ఇద్దరికి గంటకు పైనే పడుతుంది. కాబట్టి లెక్క వేయాల్సింది స్ప్రే వేగం కాదు, కప్పే పని ఎంత అన్నది. నేల వేయని, తలుపులు బిగించని కొత్త ఫ్లాట్లు, ఒకే రంగున్న నలభై గదుల లాడ్జీ, కల్యాణ మండపం ఎత్తైన సీలింగు, కాంపౌండు గోడలు, గోదాము షెడ్లు మిషన్ పనులు. సామాను నిండిన రెండు పడగ్గదుల ఇంటికి రోలరే మేలు. కిటికీ గ్రిల్స్‌ను 17తో కొడితే సగానికి పైగా రంగు సందుల్లోంచి గాలికి పోతుంది. వాటికి 211, 311 లాంటి సన్నటి పట్టీ టిప్ కావాలి.

గాలి విషయం మరింత ముఖ్యం. కొమ్మలు ఊగేంత గాలి ఉన్నప్పుడు బయటి గోడకు కొడితే పక్కింటి కారు మీద చుక్కలు పడతాయి. తిరుపతి ఇరుకు వీధుల్లో ఆ కారు ఐదడుగుల దూరంలోనే ఉంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో పడమటి గోడ చేయి పెట్టలేనంత కాలుతుంది. రంగు తుంపర దారిలోనే ఆరిపోయి గోడ మీద పొడిలా అంటుకుంటుంది, రుద్దితే చేతికి వస్తుంది. ఉదయం పది లోపల ముగించాలి, లేదా నీడ పడ్డ వైపు పని పెట్టుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో కష్టం ఇంకో రకం. జాయింట్ కాంపౌండు ఆరడానికి మామూలు కంటే చాలా ఎక్కువ టైము పడుతుంది, లోపల తడి ఉండగా ప్రైమర్ కొడితే తర్వాత జాయింట్ల వెంట కుంగి గీతలు తేలతాయి.

తక్కువ ప్రెషర్‌తో పనిచేసేలా తయారైన టిప్‌లు వస్తున్నాయి. దాదాపు సగం ప్రెషర్‌తోనే పట్టీ సరిగ్గా పడుతుంది, గాలికి ఎగిరే తుంపర తగ్గుతుంది, టిప్ కూడా ఎక్కువ కాలం వస్తుంది. కొత్తగా కొనేవాళ్లు మామూలు టిప్‌ల బదులు వీటితో మొదలుపెట్టడమే మంచిది. ఏ టిప్ అయినా ప్రెషర్‌ను తక్కువ నుంచే పెంచుకుంటూ రావాలి. పట్టీ రెండు అంచుల్లో తోకల్లాంటి గీతలు కనిపిస్తుంటే ఇంకాస్త పెంచాలి. తోకలు పోయిన చోట ఆపేయాలి. అప్పటికీ పోకపోతే ప్రెషర్ పెంచుతూ పోకుండా రంగు చిక్కదనం, గన్ ఫిల్టర్ చూడాలి. 15 నుంచి 19 సైజు టిప్‌లకు గన్‌లో 60 మెష్ (అంగుళానికి 60 కన్నాల జాలీ) ఫిల్టర్, 13, అంతకంటే చిన్నవాటికి 100 మెష్ వాడాలి. ఎమల్షన్ డబ్బా మీద బ్రష్‌కు రాసిన నీళ్ల మోతాదును స్ప్రేకు యథాతథంగా కలిపితే గోడ మీద కారుతుంది. తక్కువతో మొదలుపెట్టాలి. బకెట్లో పోసే ముందు నైలాన్ జాలీతో వడకట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకూడదు.

ఒక ప్రమాదం గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండు వేల పీఎస్‌ఐతో వచ్చే రంగు వేలిని తాకితే చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టు చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం రంగు కండర బంధనాల (టెండన్ల) వెంట పాకి కణజాలాన్ని చంపేస్తుంది. గంటలు గడిస్తే వేలు తీసేయాల్సి రావచ్చు. కట్టు కట్టుకుని పని కొనసాగించకూడదు. తిరుపతిలో అయితే రుయా, స్విమ్స్ లాంటి ఆపరేషన్ సదుపాయమున్న ఆసుపత్రికి వెంటనే వెళ్లి, హై ప్రెషర్ రంగు లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. రంగు డబ్బా లేబుల్ కూడా తీసుకెళ్లాలి. టిప్ మూసుకుపోతే వేలితో తుడవడం నేరమే అనుకోవాలి. ముందు ట్రిగ్గర్ లాక్, తర్వాత మిషన్ ఆఫ్, ప్రైమ్ వాల్వు తెరిచి ప్రెషర్ వదిలాకే చేయి పెట్టాలి. థిన్నర్ రంగులు లోపల కొట్టేటప్పుడు పూజ గదిలో దీపం ఆరిపోయిందో లేదో కూడా చూడాలి. ఇది హాస్యం కాదు.

రోజు పని అయ్యాక నీళ్లతో కడిగి వదిలేస్తే పంపులో తుప్పు పట్టి వాల్వు బాల్ అతుక్కుంటుంది. ఆఖరున కొద్దిగా మినరల్ టర్పెంటైన్ పోసి తిప్పి, పిస్టన్ రాడ్ చుట్టూ గిన్నెలో కంపెనీ చెప్పిన నూనె చుక్కలు వేయాలి. మరునాడు మిషన్ తిరుగుతున్నా రంగు పీల్చకపోతే పీల్చే గొట్టం తీసి, కింది వాల్వులోని బాల్‌ను పెన్సిల్‌తో మెల్లగా పైకి నెడితే చాలాసార్లు ఊడివస్తుంది. ఊడకపోతే గొట్టం జాయింటులో ఓ-రింగు పగిలి గాలి పీలుస్తోందేమో చూడాలి. నూనె గిన్నెలో రంగు కనిపిస్తే ప్యాకింగులు అరిగాయి.

సెకండ్‌హ్యాండ్ మిషన్ కొంటుంటే ఒక పరీక్ష చేయించాలి. బకెట్ నీళ్లతో ప్రైమ్ చేసి (పంపు నిండేలా పీల్పించి), గన్ మూసి, ప్రెషర్ పూర్తిగా ఎక్కించి చూడాలి. మంచి పంపులో పిస్టన్ ఆగిపోయి అలాగే నిలబడాలి. ట్రిగ్గర్ ముట్టకుండానే ఉండుండి కదులుతుంటే లోపల ఎక్కడో కారుతోంది. వెనక్కి వచ్చే చిన్న గొట్టంలోంచి నీళ్లు చుక్కలు పడుతుంటే ప్రైమ్ వాల్వు. అది పొడిగా ఉండి, రాడ్ కిందికి జారుతుంటే కింది వాల్వు బాల్ సీటు. పైకి జరుగుతుంటే పై బాల్ లేదా ప్యాకింగులు. మొదటి రెండూ చిన్న ఖర్చు. మూడోదాంట్లో రాడ్, సిలిండర్ లోపల గీతలు కూడా పడి ఉంటే కొత్త పంపు భాగం ధర కనుక్కున్నాకే బేరం ఆడాలి.